కెర్నెల్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ బూట్ కాకపోతే: బూట్‌లోడర్ అమరికలో లోపాలు, వాటి నిర్ధారణ

యూనిట్ - 11

విషయ క్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 బూట్ ప్రక్రియలోని అయిదు అంచెలు
11.3 కెర్నెల్ అప్‌డేట్‌లో జరిగే పనులు
11.4 తెరపై కనిపించేదాన్ని బట్టి లోపాన్ని గుర్తించడం
11.5 సరిదిద్దే పద్ధతులు
11.6 అనుభవాలు నేర్పిన పాఠాలు: 2020, 2024
11.7 ముందు జాగ్రత్తలు
11.8 సారాంశం
11.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
11.10 నమూనా పరీక్షా ప్రశ్నలు
11.11 కీలక పదాలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
- కంప్యూటర్ స్విచ్ వేసినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేవరకు జరిగే పనులను వరుసగా వివరించగలుగుతారు.
- బూట్ ఏ అంచెలో ఆగిందో తెరపై వచ్చిన సందేశాన్ని బట్టి చెప్పగలుగుతారు.
- డేటా పోకుండా బూట్‌లోడర్ అమరికను సరిచేయగలుగుతారు.
- అప్‌డేట్‌కు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను పాటించగలుగుతారు.

గమనిక: ఆజ్ఞలను ఈ యూనిట్‌లో పలికే తీరులో, తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటర్‌పై వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయాలి. వాటి అక్షరక్రమం మీ ప్రాక్టికల్ పుస్తకంలో ఉంది.

11.1 పరిచయం

రాత్రి అప్‌డేట్ల సూచన వస్తే అంగీకరించి పడుకున్నారు. తెల్లవారి కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లని తెర మీద నాలుగు ముక్కలు ఆంగ్లంలో కనిపించి ఆగిపోయింది. ప్రాజెక్టు నివేదిక అందులోనే ఉంది. సమర్పించడానికి మూడు రోజులే గడువు. ఖాజాగూడ, రాయదుర్గం, మణికొండ వంటి చోట్ల హాస్టల్ గదుల్లో ఉంటూ, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి చదువుకునే మీలో చాలామందికి ఉండేది ఒక్కటే ల్యాప్‌టాప్. చాలాసార్లు అది సెకండ్ హ్యాండ్‌ది, విండోస్, లైనక్స్ రెండూ ఉన్నది.

ఇలాంటప్పుడు రిపేరు షాపుల్లో తరచుగా వినిపించే సలహా 'ఫార్మాట్ కొట్టేద్దాం' అన్నది. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ మళ్లీ పనిచేయవచ్చు గానీ, అందులోని ఫైళ్లు పోతాయి. నిజానికి అప్‌డేట్ తర్వాత బూట్ ఆగిన సందర్భాల్లో సాధారణంగా మీ ఫైళ్లకు ఏమీ కాదు. ఫైళ్లున్న గదికి వెళ్లే దారిలో ఒక తలుపు తెరుచుకోలేదు, అంతే. అది ఏ తలుపో కనుక్కోవడమే ఈ యూనిట్ నేర్పే విద్య.

ఇక్కడి వివరణకు ఉబుంటు, డెబియన్ రకం లైనక్స్‌ను ఆధారంగా తీసుకున్నాం. సీడాక్ రూపొందించిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ ఆధారంగా తయారైనదే కాబట్టి ఈ పద్ధతులు దానికీ వర్తిస్తాయి. ఫెడోరా రకంలో ఆజ్ఞల పేర్లు మారతాయి. ఆలోచించే తీరు మారదు.

11.2 బూట్ ప్రక్రియలోని అయిదు అంచెలు

1. ఫర్మ్‌వేర్: మదర్‌బోర్డు చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రామ్. పాత యంత్రాల్లో దీన్ని బయోస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ అంటారు. ఏ డిస్క్ నుంచి, ఏ బూట్‌లోడర్‌తో మొదలుపెట్టాలో ఇది నిర్ణయిస్తుంది.

2. బూట్‌లోడర్: లైనక్స్‌లో ఎక్కువగా వాడేది గ్రబ్. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాల్లో గ్రబ్‌కు ముందు షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది. గ్రబ్‌పై ఉన్న డిజిటల్ సంతకం సరైనదో కాదో షిమ్ చూస్తుంది. ఆ తర్వాత గ్రబ్ తన అమరిక ఫైలును చదివి, ఏ కెర్నెల్‌ను ఎక్కించాలో తెలుసుకుంటుంది.

3. కెర్నెల్: ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. /బూట్ డైరెక్టరీలో 'వీఎమ్‌లినక్స్' అనే పేరు, దాని పక్కన వెర్షన్ సంఖ్యతో ఉంటుంది.

4. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్: కెర్నెల్‌తో పాటు మెమరీలోకి వచ్చే తాత్కాలిక ఫైల్ సిస్టమ్. అసలు డిస్కును గుర్తించి తెరవడానికి కావలసిన డ్రైవర్లు ఇందులో ఉంటాయి. డిస్కును తెరిచే డ్రైవరు ఆ డిస్కులోనే ఉంటే తాళంచెవి బీరువాలోనే పెట్టి బీరువాకు తాళం వేసినట్టవుతుంది. ఆ చిక్కు రాకుండా తాళంచెవిని బయట ఉంచే ఏర్పాటే ఇది.

5. రూట్ ఫైల్ సిస్టమ్: అసలు డిస్క్ తెరుచుకున్నాక సిస్టమ్‌డీ మొదలై, మిగిలిన సేవలన్నిటినీ నడిపి లాగిన్ తెరను చూపిస్తుంది. మీ ఫైళ్లు ఉండేది ఈ అంచెలోనే.

మొదటి నాలుగు అంచెల్లో ఎక్కడ ఆగినా అయిదో అంచెలోని మీ ఫైళ్లను ఇంకా ఎవరూ ముట్టుకోలేదని గమనించండి.

11.3 కెర్నెల్ అప్‌డేట్‌లో జరిగే పనులు

ఒకప్పుడు లైనక్స్‌లో లిలో అనే బూట్‌లోడర్ వాడేవారు. కెర్నెల్ డిస్క్‌పై ఏ బ్లాకుల్లో ఉందో అది ముందుగానే రాసి పెట్టుకునేది. కెర్నెల్ మారిన ప్రతిసారీ లిలో ఆజ్ఞను మళ్లీ నడపాలి. మరిచిపోతే మరునాడు యంత్రం లేవదు. గ్రబ్‌కు ఫైల్ సిస్టమ్‌ను చదవడం తెలుసు కాబట్టి కెర్నెల్‌ను పేరుతో వెతుక్కుంటుంది. అయితే ఆ పేరు దాని అమరిక ఫైలులో సరిగ్గా ఉండాలి. ఇప్పటి చిక్కులకు మూలం అక్కడే ఉంది.

కెర్నెల్ అప్‌డేట్ అంటే ఒక పని కాదు. వరుసగా నాలుగు పనులు జరుగుతాయి.

(అ) కొత్త కెర్నెల్ ఫైలు /బూట్‌లోకి చేరుతుంది. పాతది తొలగిపోదు, పక్కనే ఉంటుంది.
(ఆ) కొత్త వెర్షన్‌కు సంబంధించిన డ్రైవర్ మాడ్యూళ్లు /లిబ్/మాడ్యూల్స్‌లో చేరతాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ వంటి బయటి డ్రైవర్లు ఉంటే, డీకేఎంఎస్ అనే ఏర్పాటు వాటిని కొత్త కెర్నెల్ కోసం మళ్లీ తయారుచేస్తుంది.
(ఇ) కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తయారవుతుంది.
(ఈ) 'అప్‌డేట్-గ్రబ్' నడిచి గ్రబ్ మెనూ కొత్తగా రాయబడుతుంది.

మధ్యలో కరెంటు పోయినా, బ్యాటరీ అయిపోయినా, /బూట్‌లో చోటు చాలకపోయినా ఈ వరుస తెగిపోతుంది. పని (అ) పూర్తయి (ఇ) పూర్తికాకపోతే కెర్నెల్ ఉంటుంది, డిస్కును తెరిచే తాళంచెవి ఉండదు. (ఈ) జరగకపోతే కొత్త కెర్నెల్ ఉన్నా మెనూలో కనిపించదు.

మరొక ముఖ్య విషయం. గ్రబ్ మెనూ ఫైలు పేరు 'గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ'. దీన్ని చేతితో మార్చకూడదు. తర్వాతి అప్‌డేట్ మీ మార్పులను చెరిపి మళ్లీ రాస్తుంది. మార్పులు చేయవలసింది /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ అనే ఫైలులో. చేశాక అప్‌డేట్-గ్రబ్ నడపాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - I
గమనిక: సమాధానాలను మీ నోట్‌బుక్‌లో రాసుకొని, 11.9తో పోల్చి చూసుకోండి.
1. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అవసరం ఏమిటి?
2. గ్రబ్ మెనూ ఫైలును నేరుగా ఎందుకు మార్చకూడదు?

11.4 తెరపై కనిపించేదాన్ని బట్టి లోపాన్ని గుర్తించడం

రోగిని చూడకుండా మందు రాయకూడదు. ముందుగా తెరపై ఉన్నదాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత కింది వాటిలో అది దేనికి దగ్గరగా ఉందో చూడండి.

(1) మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చింది: ఆగింది ఒకటో అంచెలో. ఫర్మ్‌వేర్‌లోని బూట్ వరుస మారింది. లైనక్స్ చెక్కుచెదరలేదు. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో లైనక్స్ పేరును మొదటి స్థానానికి తెస్తే చాలు.

(2) 'గ్రబ్ రెస్క్యూ>' అని వచ్చింది: రెండో అంచె. గ్రబ్‌లోని తొలి భాగం లేచింది గానీ మిగిలిన భాగాలున్న చోటు దొరకలేదు. డిస్క్ భాగాలను మార్చినప్పుడు, తొలగించినప్పుడు ఇలా జరుగుతుంది.

(3) కేవలం 'గ్రబ్>' అని వచ్చింది: ఇదీ రెండో అంచే. అయితే గ్రబ్ పూర్తిగా లేచింది, మెనూ ఫైలు మాత్రమే దొరకలేదు. చూడడానికి పైదానిలాగే ఉన్నా దీని తీవ్రత తక్కువ.

(4) మెనూ వచ్చింది, ఎంచుకోగానే 'ఫైల్ నాట్ ఫౌండ్' అని, ఆ వెంటనే ముందు కెర్నెల్‌ను ఎక్కించాలని సందేశం వచ్చింది: మెనూలో రాసి ఉన్న కెర్నెల్ /బూట్‌లో లేదు. రెండో అంచె నుంచి మూడో అంచెకు వెళ్లే దారి తెగింది.

(5) 'కెర్నెల్ ప్యానిక్' అని, రూట్ ఫైల్ సిస్టమ్‌ను తెరవలేకపోయానని, చివర 'అన్‌నోన్ బ్లాక్ (0,0)' అని వచ్చింది: కెర్నెల్ లేచింది. దానికి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అందలేదు, లేదా సగమే తయారైంది. /బూట్ నిండిపోయిందేమోనని మొదట అనుమానించాలి.

(6) 'ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్' అనే పేరుతో ఆజ్ఞల కోసం ఎదురుచూసే తెర వచ్చింది: నాలుగో అంచె. ఫలానా యూయూఐడీ గల డిస్క్ లేదని ఉంటే, అమరికలో రాసిన గుర్తింపు సంఖ్యకూ అసలు డిస్క్ సంఖ్యకూ పొంతన లేదని గానీ, డిస్క్ డ్రైవరు లేదని గానీ అర్థం. 'ఎఫ్ఎస్‌సీకే' నడపమని ఉంటే అది ఫైల్ సిస్టమ్ లోపం. బూట్‌లోడర్ తప్పు కాదు.

(7) అక్షరాలు వచ్చి, తర్వాత తెర నల్లగా ఉండిపోయింది: గ్రాఫిక్స్ డ్రైవరు కొత్త కెర్నెల్‌కు సిద్ధం కాలేదేమో చూడాలి. నాలుగు అంచెలూ దాటి ఉండవచ్చు.

(8) మెనూ వచ్చింది గానీ అందులో విండోస్ లేదు: 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే 'ఓఎస్-ప్రోబర్' సహజంగా ఆపి ఉంటుంది. విండోస్ ఎక్కడికీ పోలేదు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో 'గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్' విలువను 'ఫాల్స్' చేసి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి.

11.5 సరిదిద్దే పద్ధతులు

సులువైన దానితో మొదలుపెట్టి కష్టమైన దానికి వెళ్లాలి. మొదటిదానితో పని జరిగితే రెండోదాని జోలికి పోవద్దు.

11.5.1 పాత కెర్నెల్‌తో లేపడం

పైన చెప్పిన (4), (5), (6), (7) లోపాలకు మొదటి మందు ఇదే. కంప్యూటర్ ఆన్ చేయగానే యూఈఎఫ్ఐ యంత్రమైతే ఎస్కేప్ కీని, బయోస్ యంత్రమైతే షిఫ్ట్ కీని వాడి గ్రబ్ మెనూ తెప్పించండి. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరిస్తే కెర్నెళ్ల జాబితా కనిపిస్తుంది. పైనుంచి తర్వాతి వెర్షన్‌ను ఎంచుకోండి. నిన్నటి కెర్నెల్, నిన్నటి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ చెక్కుచెదరకుండా ఉంటే యంత్రం లేస్తుంది. లేచిన వెంటనే చేయవలసిన పని మరమ్మతు కాదు. ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం.

తెర నల్లబడే సమస్యకు ఇంకొక ఉపాయం ఉంది. మెనూలో ఆ వరుసపై 'ఇ' కీ నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే పంక్తి చివర 'నోమోడ్‌సెట్' అని చేర్చి, కంట్రోల్, ఎక్స్ కీలు కలిపి నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. తప్పు రాసినా మళ్లీ ఆన్ చేస్తే పాత స్థితే వస్తుంది కాబట్టి భయపడనక్కరలేదు.

11.5.2 /బూట్ నిండిపోతే

డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి లైనక్స్ వేసుకున్నప్పుడు /బూట్ వేరే భాగంగా, చిన్నదిగా ఉంటుంది. ఒక కెర్నెల్, దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కలిసి వంద మెగాబైట్లు దాటడం మామూలే కాబట్టి, కొన్ని అప్‌డేట్లకే అది నిండవచ్చు.

పాత కెర్నెల్‌తో లేచాక కింది వరుసలో పనిచేయండి.
1. 'డీఎఫ్ మైనస్ హెచ్ /బూట్' ఆజ్ఞతో ఎంత చోటు మిగిలిందో చూడండి.
2. 'యూనేమ్ మైనస్ ఆర్' ఆజ్ఞతో ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో తెలుసుకోండి. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తొలగించకూడదు.
3. 'ఆప్ట్ ఆటోరిమూవ్' ఆజ్ఞతో అవసరం లేని పాత కెర్నెళ్లను తీసేయండి. అది చూపే జాబితాను చదివాకే అంగీకరించండి. /బూట్‌లోని ఫైళ్లను ఆర్ఎం ఆజ్ఞతో నేరుగా చెరపవద్దు. అలా చేస్తే ఫైలు పోతుంది గానీ ప్యాకేజీ ఉన్నట్టే లెక్కలో ఉండిపోయి, తర్వాతి అప్‌డేట్ మళ్లీ తడబడుతుంది.
4. మధ్యలో ఆగిన పనిని 'డీపీకేజీ కాన్ఫిగర్ ఆల్' ఆజ్ఞతో పూర్తిచేయండి.
5. అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడపండి. ఈ వరుసను మార్చవద్దు. ముందు వస్తువు, తర్వాత దాని జాబితా.

11.5.3 లైవ్ యూఎస్‌బీ ద్వారా బాగుచేయడం

పాత కెర్నెల్ కూడా లేవకపోతే, లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో కంప్యూటర్‌ను ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ అని కాకుండా 'ట్రై' అని ఉన్నదాన్ని ఎంచుకోండి. మీ డిస్క్ అక్కడ ఫైల్ మేనేజర్‌లో కనిపిస్తుంది. ఎన్‌క్రిప్ట్ చేసినదైతే పాస్‌వర్డ్ ఇచ్చి తెరవాలి. ఇక్కడ కూడా మొదటి పని ఫైళ్లను కాపీ చేయడమే.

ఆ తర్వాత: రూట్ భాగాన్ని /ఎంఎన్‌టీ వద్ద మౌంట్ చేయండి. /బూట్ వేరే భాగమైతే దాన్ని, ఆపైన ఈఎఫ్ఐ భాగాన్ని వాటి వాటి స్థానాల్లో మౌంట్ చేయండి. /డెవ్, /ప్రాక్, /సిస్ డైరెక్టరీలను బైండ్ పద్ధతిలో జతచేయండి. 'సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ' ఆజ్ఞ ఇవ్వండి. ఇప్పుడు మీరు యూఎస్‌బీ కెర్నెల్‌పై నిలబడి మీ సొంత సిస్టమ్ లోపల పనిచేస్తున్నారు. 11.5.2లోని మూడు నుంచి అయిదు వరకు ఉన్న పనులు ఇక్కడ చేయండి. బూట్‌లోడరే చెడిందని నిర్ధారించుకున్నప్పుడు మాత్రమే 'గ్రబ్-ఇన్‌స్టాల్' వాడండి. ఈఎఫ్ఐ భాగాన్ని మౌంట్ చేయకుండా యూఈఎఫ్ఐ యంత్రంలో దాన్ని వాడితే ఫలితం ఉండదు.

11.5.4 గ్రబ్ రెస్క్యూ నుంచి బయటపడడం

'ఎల్ఎస్' అని టైపు చేస్తే డిస్కులు, వాటి భాగాలు కనిపిస్తాయి. గ్రబ్ లెక్కలో డిస్కులు సున్నా నుంచి, భాగాలు ఒకటి నుంచి మొదలవుతాయి. ఒక్కొక్క భాగంలో /బూట్/గ్రబ్ ఉందేమో ఎల్ఎస్‌తోనే వెతకండి. /బూట్ వేరే భాగమైతే అక్కడ /గ్రబ్ అనే ఉంటుంది. దొరికాక, 'సెట్ ప్రిఫిక్స్' ఆజ్ఞతో ఆ చోటును, 'సెట్ రూట్' ఆజ్ఞతో ఆ భాగాన్ని తెలిపి, 'ఇన్స్‌మాడ్ నార్మల్', 'నార్మల్' అని వరుసగా ఇస్తే మెనూ వస్తుంది. ఇది తాత్కాలికమే. యంత్రం లేచాక గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడిపితేనే శాశ్వతమవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - II
3. 'గ్రబ్ రెస్క్యూ>', 'గ్రబ్>' తెరల మధ్య తేడా ఏమిటి?
4. పాత కెర్నెల్‌తో యంత్రం లేవగానే చేయవలసిన మొదటి పని ఏది?

11.6 అనుభవాలు నేర్పిన పాఠాలు: 2020, 2024

ఈ ఇబ్బంది విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకే పరిమితం కాదు.

2020 జులై 29న ఎక్లిప్సియం అనే భద్రతా పరిశోధన సంస్థ గ్రబ్‌లో 'బూట్‌హోల్' అనే లోపాన్ని బయటపెట్టింది. అమరిక ఫైలును గ్రబ్ చదివే పద్ధతిలోనే లోపం ఉంది. ఆ ఫైలుకు డిజిటల్ సంతకం ఉండదు కాబట్టి, యంత్రంపై అధికారం సంపాదించినవారు దాన్ని మార్చి సెక్యూర్ బూట్‌ను దాటిపోగలరు. దాన్ని సరిచేయడానికి రెడ్ హ్యాట్ వెంటనే అప్‌డేట్లు ఇచ్చింది. వాటిని వేసుకున్న రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 8 యంత్రాలు కొన్ని, వాటితోపాటు సెంట్‌ఓఎస్ యంత్రాలు లేవలేదు. తప్పు కెర్నెల్‌లో లేదు, షిమ్‌లో ఉంది. కెర్నెల్‌నే అనుమానిస్తూ కూర్చున్నవారికి ఆ కారణం దొరకదు. ఏ అంచెలో ఆగిందో చూడాలని పదేపదే చెప్పడం అందుకే.

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ ఇంకొక పాఠం నేర్పింది. భద్రత లేని పాత బూట్‌లోడర్లను నిరాకరించే ఎస్‌బీఏటీ అనే నియమాన్ని అది యంత్రాల్లో నమోదు చేసింది. రెండు సిస్టమ్‌లున్న యంత్రాలకు ఇది వర్తించదని మైక్రోసాఫ్ట్ అనుకున్నా, కొన్నిటిని గుర్తించడంలో ఆ ఏర్పాటు విఫలమైంది. ఫలితంగా లైనక్స్ ఎంచుకోగానే ఎస్‌బీఏటీ పరీక్ష విఫలమైందన్న సందేశం వచ్చి యంత్రం ఆగిపోయింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్లి, 'మోక్‌యుటిల్' ఆజ్ఞతో ఆ నియమాన్ని తొలగించి, షిమ్‌ను నవీకరించి, సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయడం దానికి మార్గం.

ఇక్కడొక హెచ్చరిక. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే, సెక్యూర్ బూట్‌ను మార్చినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ చేతిలో లేకుండా ఆ సెట్టింగును ముట్టుకోవద్దు. లైనక్స్‌ను బాగుచేయబోయి విండోస్‌లోని ఫైళ్లకు దూరమైతే కథ మొదటికే వస్తుంది.

ఆ కీ విలువ 2024 జులై 19న ప్రపంచానికి తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ కెర్నెల్ స్థాయిలో పనిచేస్తుంది. దానికి వచ్చిన లోపభూయిష్టమైన ఫైలు వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలోనూ ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇవ్వవలసి వచ్చింది. అది బూట్‌లోడర్ లోపం కాదు. కానీ పరిష్కారం ఈ యూనిట్‌లో చెప్పిన తీరులోనే ఉంది: సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలును తొలగించి, మళ్లీ ఆన్ చేయడం. బిట్‌లాకర్ ఉన్న చోట కీ దొరికితేనే ఆ పని సాగింది.

11.7 ముందు జాగ్రత్తలు

ఖాజాగూడ నుంచి నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వరకు విస్తరించిన ఐటీ సంస్థల్లో సర్వర్లను చూసుకునేవారు అప్‌డేట్‌ను ఇష్టం వచ్చిన వేళ చేయరు. దానికి 'చేంజ్ విండో' అని ఒక సమయం, చెడితే వెనక్కి వెళ్లే పథకం ముందే రాసుకుంటారు. మీలో కొందరు రేపు ఆ ఉద్యోగంలో చేరేవారే. ఒక్క ల్యాప్‌టాప్‌కు కూడా ఆ అలవాటు పనికొస్తుంది.

1. పరీక్షకు, సమర్పణ గడువుకు ముందురోజు కెర్నెల్ అప్‌డేట్ పెట్టుకోకండి. అలాగని నెలల తరబడి వాయిదా వేయకండి. అప్‌డేట్లు భద్రతా లోపాలను మూసేవి కూడా.
2. ఛార్జర్ తగిలించి ఉంచండి. అప్‌డేట్ నడుస్తుండగా మూత మూయవద్దు.
3. /బూట్‌లో చోటు చూసుకోండి. పనిచేస్తున్న పాత కెర్నెల్ ఒకటి ఎప్పుడూ ఉండాలి. ఫెడోరా సహజంగానే మూడు వెర్షన్లు ఉంచుతుంది.
4. గ్రబ్ మెనూ కొన్ని క్షణాలైనా కనిపించేలా 'గ్రబ్ టైమ్‌అవుట్' విలువ పెట్టుకోండి.
5. ఒక లైవ్ యూఎస్‌బీ సిద్ధంగా ఉంచండి. యంత్రం ఆగాక దాన్ని తయారుచేయాలంటే మరొకరి కంప్యూటర్ వెతుక్కోవాలి.
6. బిట్‌లాకర్ కీని కాగితంపై రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట దాచండి.
7. దూరాన ఉన్న సర్వర్ అయితే 'గ్రబ్-రీబూట్' ఆజ్ఞతో కొత్త కెర్నెల్‌ను ఒక్కసారికే ప్రయత్నించవచ్చు. విఫలమైతే తర్వాతిసారి పాతదే లేస్తుంది. ఇందుకు 'గ్రబ్ డిఫాల్ట్' విలువ 'సేవ్డ్' అయి ఉండాలి.

11.8 సారాంశం

బూట్ ప్రక్రియ అయిదు అంచెల వరుస. కెర్నెల్ అప్‌డేట్ నాలుగు పనుల వరుస. ఏ వరుసలో ఏది తెగిందో తెరపై సందేశం చెబుతుంది. పాత కెర్నెల్, లైవ్ యూఎస్‌బీ, గ్రబ్ రెస్క్యూ అనే మూడు మార్గాలతో యంత్రాన్ని లేపవచ్చు. ఏ మార్గంలో వెళ్లినా లోపలికి చేరగానే ముందు ఫైళ్లను కాపాడుకోవాలి, తర్వాత మరమ్మతు చేయాలి. ఫార్మాట్ చివరి మార్గమే గానీ మొదటిది కాదు.

11.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. అసలు డిస్కును గుర్తించి తెరవడానికి కావలసిన డ్రైవర్లను కెర్నెల్‌కు ముందుగా అందించడం.
2. తర్వాతి అప్‌డేట్‌లో ఆ ఫైలు కొత్తగా రాయబడి మన మార్పులు పోతాయి. మార్పులు /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో చేయాలి.
3. మొదటిదానిలో గ్రబ్‌కు తన మిగిలిన భాగాలు దొరకలేదు. రెండోదానిలో గ్రబ్ పూర్తిగా లేచింది, మెనూ ఫైలు మాత్రమే దొరకలేదు.
4. ముఖ్యమైన ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయడం.

11.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. లైనక్స్ బూట్ ప్రక్రియలోని అంచెలను వివరించి, ఒక్కొక్క అంచెలో రాగల లోపాన్ని ఉదాహరణతో తెలపండి.
2. లైవ్ యూఎస్‌బీ ద్వారా బూట్‌లోడర్‌ను సరిదిద్దే పద్ధతిని వరుసక్రమంలో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. /బూట్ నిండిపోవడం వల్ల కెర్నెల్ ప్యానిక్ ఎందుకు వస్తుంది?
2. సెక్యూర్ బూట్‌ను మార్చే ముందు బిట్‌లాకర్ కీ ఎందుకు దగ్గర ఉంచుకోవాలి?
3. 2020 నాటి బూట్‌హోల్ ఉదంతం నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?

11.11 కీలక పదాలు

బూట్‌లోడర్: కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించి, దానికి పగ్గాలు అప్పగించే ప్రోగ్రామ్.
షిమ్: సెక్యూర్ బూట్‌లో ఫర్మ్‌వేర్‌కూ గ్రబ్‌కూ మధ్య ఉండి సంతకాన్ని సరిచూసే చిన్న ప్రోగ్రామ్.
యూయూఐడీ: ఫైల్ సిస్టమ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య.
సీహెచ్‌రూట్: నడుస్తున్న సిస్టమ్ నుంచి మరొక సిస్టమ్ డైరెక్టరీని రూట్‌గా చేసుకుని పనిచేసే పద్ధతి.
డీకేఎంఎస్: కెర్నెల్ మారినప్పుడు బయటి డ్రైవర్లను మళ్లీ తయారుచేసే ఏర్పాటు.